సిట్టింగ్‌లో కూర్చుని చుక్క ముట్టకుండా లేవడం: హైదరాబాద్ ఆఫీసు పార్టీలకు సమగ్ర మార్గదర్శి

శుక్రవారం సాయంత్రం నాలుగున్నరకి టీమ్ వాట్సాప్ గ్రూపులో గచ్చిబౌలిలోనో జూబ్లీహిల్స్‌లోనో ఒక పబ్బు లొకేషన్ పడుతుంది. కింద వరసగా బొటనవేళ్లు లేస్తాయి. తాగని మనిషి చేసుకోవాల్సిన పనిలో ముప్పావు వంతు ఆ క్షణం నుంచి రాత్రి ఏడు లోపే అయిపోవాలి. టేబుల్ దగ్గర కూర్చున్నాక ధైర్యం కూడగట్టుకుందామనుకునేవాళ్లే మూడో బతిమాలుడికి మెత్తబడతారు. ముందే తిని, ముందే చెప్పి, సొంతంగా వెళ్లి, మొదటి గ్లాసు అందరికంటే ముందు తెప్పించుకున్నవాళ్లకి ఆ ధైర్యంతో పెద్దగా పనే పడదు.

ఇది అసలు అలవాటు లేనివాళ్లకి, అప్పుడప్పుడూ తాగుతూ ఇక మానేద్దామనుకుంటున్నవాళ్లకి. రోజూ క్వార్టరో అంతకు మించో తాగుతూ, పొద్దున లేవగానే చేతులు వణికే దశలో ఉన్నవాళ్లు ఇది చదివి రేపటి నుంచి ఒక్కసారిగా ఆపేయకూడదు. అలా ఆపిన ఆరేడు గంటల నుంచే వణుకు, చెమటలు మొదలవుతాయి. రెండు రోజుల్లోపు ఫిట్స్ రావచ్చు. ఆ తర్వాత మతి తప్పి లేనివి కనిపించే స్థితి కొందరికి ప్రాణం మీదికి తెస్తుంది. 2020 లాక్‌డౌన్‌లో వైన్స్ మూతపడగానే ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి ఇలాంటి కేసులే వరసకట్టాయి. డాక్టరు చూస్తుండగా మాత్రలతో మెల్లగా దిగాల్సిన మెట్లవి. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడొచ్చు. మత్తు అలవాట్లకి విడిగా జాతీయ హెల్ప్‌లైన్ 14446 ఉంది.

మొదటి మెట్టు: గీత ఎక్కడో తేల్చుకోండి

‘తాగను’ అంటే మీ లెక్కలో ఏమిటో ఇంట్లో ఉండగానే తేలాలి. చీర్స్ కొట్టి పెదవికి తాకించడం ఉందా? బీరు మందు కిందికి వస్తుందా? బ్రీజర్? ఎవరో ఊరి నుంచి తెచ్చిన కల్లు? తేల్చుకోకుండా వెళ్తే ఈ ప్రశ్నలు టేబుల్ దగ్గర వేరేవాళ్లు వేస్తారు, జవాబులూ వాళ్లే చెబుతారు.

లెక్క తెలిస్తే పని తేలిక. మన దగ్గర అమ్మే విస్కీ, రమ్ము, వోడ్కాల్లో మామూలుగా ఆల్కహాల్ 42.8 శాతం. 30 మి.లీ. స్మాల్ పెగ్గులో సుమారు 10 గ్రాముల ఆల్కహాల్ ఉంటే, 60 మి.లీ. లార్జ్‌లో 20. ఐదు శాతం బీరు 650 మి.లీ. సీసాలో పాతిక గ్రాములు, ఎనిమిది శాతం స్ట్రాంగ్‌లో నలభై. ‘బీరే కదా’ అన్న మాట లార్జ్ పెగ్గు దగ్గరే ఓడిపోతుంది. పండ్లరసంలా దిగిపోయే 275 మి.లీ. బ్రీజర్‌లోనూ స్మాల్ పెగ్గంత ఉంటుంది. కల్లు చెట్టు దిగిన కొన్ని గంటల్లోనే బాగా పులిసి బీరు పక్కన నిలబడుతుంది. న్యాచురల్ అన్నంత మాత్రాన అది కొబ్బరినీళ్లు కాదు.

సున్నా దగ్గర గీత గీసుకోవడమే అన్నిటికంటే సులువు. ‘ఒక్కటి వరకే’ అనే గీత మీ ఒక్కరికే కనిపిస్తుంది. టేబుల్ చుట్టూ ఉన్నవాళ్లకి కనిపించేది మీరు తాగుతారన్న సంగతే.

రెండో మెట్టు: కారణం చెప్పకండి

కొంచెం మొరటుగా అనిపించే సలహా ఇది. కానీ కారణం చెప్పామంటే దాని వెనకే గడువు కూడా చెప్పినట్టే. ‘మందులు వాడుతున్నా’ అంటే, ‘మందుండగా మందులెందుకు రా’ అన్న పాత జోకు ఎలాగూ పడుతుంది. ఆ వెంటనే కోర్సు ఎన్ని రోజులని అడుగుతారు. ఐదు రోజులంటే ఆరో రోజు మీదే. ‘బండి నడపాలి’ అంటే అప్పటికప్పుడు క్యాబ్ బుక్ చేసిచ్చే ఉదారుడు ఒకడుంటాడు. ‘మా ఆవిడ ఊరుకోదు’ అన్నది అన్నిటికంటే చెత్త సాకు. ఇంట్లో మనిషిని ఊరికే విలన్ని చేస్తుంది, ఆమె పుట్టింటికి వెళ్లిన రోజున మీ తలుపు తట్టిస్తుంది. కార్తీకమాసం ఉపవాసం నిజమే అయినా, మాసం వెళ్లిన మర్నాడు మళ్లీ మొదటికే.

అయ్యప్ప మాల వేసుకున్నవాళ్ల విషయం గమనించండి. నల్లబట్టలు, మెడలో మాల, కాళ్లకి చెప్పుల్లేకుండా ఆఫీసుకొచ్చిన సహోద్యోగిని మండల దీక్ష 41 రోజులూ ఎంతటి మందుబాబైనా ‘స్వామీ’ అనే పిలుస్తాడు. పెగ్గు ఊసెత్తడు సరికదా, ఎవడైనా ఎత్తితే వాణ్ణి కసురుతాడు. అదే మనిషిని శబరిమల నుంచి వచ్చిన వారానికి ‘దీక్ష అయిపోయింది కదా, దా’ అంటారు. అంటే తాగననే మనిషిని గౌరవించడం మనవాళ్లకి బాగానే వచ్చు, ఆ గౌరవానికి వాళ్లు గడువు చూసుకుంటారంతే. మాల లేకున్నా ఆ స్వాముల ధోరణి అరువు తెచ్చుకోవచ్చు: వాళ్లు సంజాయిషీ ఇవ్వరు, నవ్వుతూనే ఉంటారు, తాగేవాళ్ల మీద తీర్పులూ చెప్పరు.

మాట రెండు ముక్కల్లో ఉండాలి. మొదటిది నిర్ణయం, రెండోది ఆర్డరు. “నేను తాగను. నాకు సాల్ట్ లైమ్ సోడా చెప్పు.” రెండో ముక్క లేకపోతే మొదటిది చర్చకి పెట్టినట్టు ఉంటుంది. ‘ఇవాళ వద్దులే’, ‘ప్రస్తుతానికి మానేశా’, ‘చూద్దాం’ లాంటివి నోట్లోంచి రానివ్వకండి. ‘ఇవాళ’ అనగానే రేపు పుడుతుంది.

ఒత్తిడి సాధారణంగా మూడు దఫాలుగా వస్తుంది. మొదటిది ఆర్డరు ఇచ్చేటప్పుడు, మర్యాద కొద్దీ. దానికి పై మాట చాలు. రెండోది రెండో రౌండు నడుమ, కాస్త ఊపు వచ్చాక: “ఏమైతది అన్నా, ఒక్కటే కదా!” దీనికి కొత్త మాట వెతక్కండి, మొదట అన్నదే అనండి. మాట మారిందంటే బేరం మొదలైందని అవతలివాళ్లకి అర్థం. వరస మాత్రం మనిషిని బట్టి:

సీనియర్ అయితే, “నాకొద్దన్నా, మీరు కానివ్వండి. ఆ అపోలో ఫిష్ ఇటు జరపండి.”
తోటివాడైతే, “లేదు మామా, నేను ముట్టను. నువ్వు కానీ.”
మేనేజర్ అయితే, “థాంక్యూ సార్, నేను తీసుకోను. నాది వచ్చేసింది.” అని గ్లాసు ఎత్తి చూపించడం.

మూడోది అసలైన చిక్కు, లాస్ట్ పెగ్ వేళకి వస్తుంది. భుజం మీద చెయ్యేసి, “నా మీద గౌరవముంటే ఒక్కటి తాగు” అంటారు, ఒట్టు కూడా వేస్తారు. నాలుగు పెగ్గులు దిగిన మనిషితో వాదన పెట్టుకోవద్దు. పొద్దునకి ఆయనకి గుర్తుండదు, మీకు మాత్రం గుర్తుంటుంది. “మీ మీద గౌరవం ఉందన్నా” అని లేచి వాష్‌రూమ్ వైపు వెళ్లండి. పది నిమిషాల తర్వాత ఆ ఒట్టు ఇంకొకరి మీద ఉంటుంది.

ఆడవాళ్లకి ఇది రెండు వైపులా కోస్తుంది. తాగకపోతే ‘వైన్ అయినా తీసుకో, అది లేడీస్ డ్రింకే’ అంటారు, తాగితే సోమవారం ఇంకో రకం మాటలు. వైన్‌లో పన్నెండు, పదమూడు శాతం ఆల్కహాల్ ఉంటుందన్న సంగతి వాళ్లకి చెప్పాల్సిన పని లేదు, మీకు తెలిస్తే చాలు. బతిమాలడం వేధింపుగా, లైంగికంగా ఇబ్బంది పెట్టేదిగా మారితే మాత్రం, ఉద్యోగరీత్యా వెళ్లిన చోటు కూడా పనిచోట లైంగిక వేధింపులపై 2013లో వచ్చిన చట్టం ప్రకారం పనిచేసే చోటే. ‘ఆఫీసు బయట జరిగింది కదా’ అని ఫిర్యాదులు విచారించే ఆఫీసు కమిటీ తప్పించుకోలేదు.

ఒక మాట: 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆల్కహాల్‌కి సురక్షితమైన మోతాదంటూ లేదని స్పష్టంగా చెప్పింది. నిజమే. దాన్ని సిట్టింగ్‌లో చెప్పకండి.

మూడో మెట్టు: ఏడు లోపు పనులు

పార్టీ పెట్టేవాళ్లకి విడిగా మెసేజ్ పెట్టండి: “వస్తున్నా. నేను తాగను, ఫుడ్‌కి మాత్రమే లెక్కేసుకో.” తలకింత అన్‌లిమిటెడ్ ప్యాకేజీ మాట్లాడేశాక మీరు తాగనంటే, ‘డబ్బులు కట్టేశాం కదా’ అన్న వాదన మీ మెడకి చుట్టుకుంటుంది. పైగా ఆ ఒక్కరికి ముందే తెలిస్తే టేబుల్ దగ్గర మీ తరఫున మాట్లాడే మనిషి ఒకరు దొరికినట్టే.

సాయంత్రం ఆరింటికి కాస్త గట్టిగా తినండి. రెండు ఇడ్లీలో, ఓ గిన్నెడు పెరుగన్నమో. పబ్బుల్లో బిర్యానీ చాలాసార్లు పదిన్నరకి గానీ రాదు. అప్పటిదాకా తిరిగేది మసాలా పల్లీలు, చికెన్ 65, మిరపకాయ తగిలిన స్టఫ్. ఆకలి, ఉప్పు, దాహం మూడూ కలిస్తే ఎదురుగా చెమట పట్టిన బీరు మగ్గు మామూలు కంటే బాగా కనిపిస్తుంది.

అందరికంటే పది నిమిషాలు ముందు చేరుకోండి. స్టీవార్డ్‌తో నింపాదిగా మాట్లాడి గ్లాసు తెప్పించుకోవచ్చు, చూడ్డానికి జనం ఉండరు. మిగతావాళ్లు వచ్చేసరికి మీ ముందు గ్లాసు సగం అయి ఉంటుంది. ‘ఏం తీసుకుంటావ్’ అన్న ప్రశ్నే చాలావరకు రాదు. కుర్చీ టేబుల్ చివర్లో చూసుకోండి. నడిమధ్య కూర్చుంటే సీసాలు మీ ముందు నుంచే అటూ ఇటూ తిరుగుతాయి, పోసే పనీ మీదే అవుతుంది.

నాలుగో మెట్టు: చేతిలో గ్లాసు

ఖాళీ చెయ్యి ఉన్నచోటే అందరి కళ్లూ పడతాయి. గ్లాసులో ఏముందో అడిగేవాళ్లు తక్కువ. అందుకని గ్లాసు పూర్తిగా ఖాళీ కాకముందే, మూడో వంతు ఉండగానే తర్వాతది చెప్పండి.

ఏం తెప్పించుకోవాలి? కోలా అయితే 330 మి.లీ. టిన్నులో 35 గ్రాముల చక్కెర. నాలుగు తాగితే 140 గ్రాములు. పేరు మోసిన మాక్‌టెయిల్స్ కూడా ఎక్కువగా సిరప్ నీళ్లే. సాల్ట్ లైమ్ సోడా, లేదా వట్టి సోడాలో రెండు నిమ్మబద్దలు, అల్లం ముక్క, ఐసు: రాత్రంతా ఇవే నడిపించొచ్చు. చేదు కావాలనిపించేవాళ్లకి టానిక్ వాటర్ బాగుంటుంది. దాంట్లోని క్వినైన్ చేదు వల్ల గుటకలు వేయకుండా మెల్లగా తాగుతాం. అందులోనూ చక్కెర ఉంటుంది, రెండుతో ఆపండి. పొట్టి వెడల్పు గ్లాసులో పోసి తెమ్మంటే చూడ్డానికీ తేడా ఉండదు. అది దాచడానికని కాదు, ప్రతి పావుగంటకీ ఒకరికి జవాబు చెప్పే బాధ తప్పడానికి.

పొరపాట్లు ఎక్కువగా ఇక్కడే జరుగుతాయి. పబ్బులో ‘ఐస్డ్ టీ’ అని ఊరికే అంటే లాంగ్ ఐలాండ్ వచ్చే ప్రమాదం ఉంది. పేరులో టీ ఉన్నా అందులో టీ చుక్క ఉండదు. ఉన్నవి వోడ్కా, జిన్, రమ్, టెకీలా, ఆరెంజ్ లిక్కర్. ‘మోహితో’ అంటే రమ్ముతో వచ్చేదే మామూలు. ‘వర్జిన్ మోహితో’ అని, ఆ వెంటనే ‘ఆల్కహాల్ వద్దు’ అని, స్టీవార్డ్ చేత తిరిగి చెప్పించుకోండి. మ్యూజిక్ హోరులో మొదటి పదం ఎగిరిపోయిందంటే పుదీనా రంగులో తేడా తెలియదు. గ్లాసు రాగానే ముందు వాసన, తర్వాత నాలుక చివరకి చుక్క. గొంతులో వెచ్చగా గీసుకుంటూ దిగితే పక్కన పెట్టేసి చెప్పండి, మారుస్తారు. కొన్ని మాక్‌టెయిల్స్‌లో రెండు చుక్కలు వేసే బిట్టర్స్ కూడా నలభై శాతం పైబడిన ఆల్కహాలే. పరిమాణం స్వల్పమే కానీ, పూర్తి సున్నా పాటించేవాళ్లు వద్దని చెప్పాలి.

1+1 ఆఫర్ ఇంకో ఉచ్చు. పక్కవాడు ఒకటి చెబితే రెండు వస్తాయి, రెండోది మీ ముందుకి జరుగుతుంది, ‘వేస్ట్ అయిపోతది రా’ అంటారు. అది ముట్టకుండా టేబుల్ మధ్యకి జరపండి. రెండు నిమిషాల్లో దానికి యజమాని దొరుకుతాడు. మైక్రోబ్రూవరీల్లో రుచి చూడమని చిన్న గ్లాసుల్లో తెచ్చే శాంపిల్స్‌కీ ఇదే పద్ధతి. ఎవరైనా పోయడానికి వంగితే మాటకంటే ముందు అరచెయ్యి గ్లాసు మీద బోర్లించండి. లేచి వెళ్తే ఆ గ్లాసు వదిలేసి, వచ్చాక కొత్తది తెప్పించుకోండి. సరదాకి కలిపేవాళ్లు ప్రతి టీములో ఒకరుంటారు.

నాన్ ఆల్కహాలిక్ బీరు సంగతి. లేబుల్ మీద 0.0 అని ఉంటే ఒక లెక్క. ఊరికే ‘నాన్ ఆల్కహాలిక్’ అని ఉంటే మన దేశంలో 0.5 శాతం దాకా ఉండొచ్చు. మత్తు ఎక్కించేంత కాదు, కానీ మతరీత్యా పాటించేవాళ్లకి తేడా తేడాయే. అసలెప్పుడూ తాగనివాళ్లకి ఇది నిక్షేపంగా పనిచేస్తుంది. బీరు అలవాటుండి కొత్తగా మానినవాళ్లకి మాత్రం మొదటి కొన్ని నెలలు వద్దు. ఆ వాసన, ఆ నురగ, ఆ చేదు పాత దారినే చూపిస్తాయి.

తిండిలోనూ చూసుకోవాలి: తిరామిసు, రమ్ బాల్స్, డిసెంబర్ ప్లమ్ కేకు.

ఐదో మెట్టు: బిల్లు

దీనికి మొహమాటపడేవాళ్లే ఎక్కువ. ఎనిమిది మంది వెళ్లారు, ఆరుగురు తాగారు, ఫుడ్ 6,400, మందు 9,600 అనుకుందాం. సమానంగా పంచితే తలా 2,000. విడగొడితే మీ వాటా 800. నెలకి రెండు పార్టీలంటే తేడా 2,400 రూపాయలు. విడగొట్టడం కష్టమేమీ కాదు. మందు జీఎస్టీలోకి రాదు, దాని మీద రాష్ట్ర పన్ను పడుతుంది, ఫుడ్ మీద జీఎస్టీ పడుతుంది. కాబట్టి హోటలువాళ్లు రెంటినీ విడివిడిగానే లెక్కేస్తారు. మొదటి ఆర్డరు అప్పుడే ‘లిక్కర్ బిల్లు వేరే’ అని స్టీవార్డ్‌కి చెప్పండి, లేదా డబ్బులు పోగుచేసేవాడి చెవిన వేయండి. బిల్లు వచ్చాక ఎత్తితే పిసినారి అనిపిస్తుంది, ముందు చెబితే పద్ధతి అనిపిస్తుంది. ప్రమోషన్ ట్రీట్ ఎవరో ఒక్కరు ఇస్తుంటే ఈ లెక్కలన్నీ మానేయండి.

ఆరో మెట్టు: బయటపడడం

మూడో రౌండు దాటాక చెప్పిందే చెప్పడం మొదలవుతుంది, తాగనివాళ్లకి అదే అసలు శిక్ష. బిర్యానీ తిన్న పావుగంటకి లేవడం మంచి వేళ. ఒక్కొక్కరి దగ్గరా సెలవు తీసుకుంటూ తిరిగితే ప్రతిచోటా ‘అప్పుడేనా’ తప్పదు. పిలిచినవాళ్లకి చెప్పి, మిగతావాళ్లకి చెయ్యూపి వచ్చేయండి.

తాగరు కాబట్టి డ్రైవర్ మీరే అని టీమంతా తీర్మానించేస్తుంది. ఒప్పుకుంటే షరతులు ముందే చెప్పండి: ఎంతమంది, ఏ దారిన, ఎన్నింటికి. మియాపూర్‌లో ఒకరిని, ఎల్బీనగర్‌లో ఒకరిని దింపాలంటే ఊరు ఈ చివర నుంచి ఆ చివరకి. కుదరదని చెప్పి క్యాబ్ ఎక్కించండి. కానీ తాగినవాడు తాళాలు తీస్తుంటే ఊరుకోవద్దు. చట్టం హద్దు 100 మి.లీ. రక్తంలో 30 మి.గ్రా. 60 కిలోల మనిషి ఒక్క లార్జ్ పెగ్గుతోనే దాన్ని దాటిపోవచ్చు. మొదటిసారి దొరికితే 10,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ.

దారిలో పోలీసులు ఆపితే మెషిన్‌లో ఊదమని మీకూ పరీక్ష పెడతారు. ఆల్కహాల్ ఉన్న మౌత్ స్ప్రేనో మౌత్‌వాషో అప్పుడే వాడి ఉంటే మెషిన్ అంకె చూపించొచ్చు. కంగారు పడకుండా నోరు పుక్కిలించి, పదిహేను నిమిషాలాగి మళ్లీ ఊదనివ్వమని అడగండి. నోట్లోది ఆ పాటికి పోతుంది.

రాత్రి బస ఉన్న అవుటింగులు

మొయినాబాద్, శామీర్‌పేట వైపు రిసార్టులు, ఫామ్‌హౌసుల్లో స్టీవార్డ్ ఉండడు, లేచిపోవడానికి క్యాబ్ ఓ పట్టాన దొరకదు. ఆన్‌సైట్ నుంచి వచ్చినవాడి డ్యూటీ ఫ్రీ సీసా అర్ధరాత్రి బయటికి వస్తుంది. అక్కడికి మీ సరుకు మీరే తీసుకెళ్లాలి.

100 గ్రాముల అల్లం తురిమి, అర లీటరు నీళ్లలో పది నిమిషాలు మరిగించి వడకట్టండి. వేడి మీదే 100 గ్రాముల చక్కెర కరిగించండి. పూర్తిగా చల్లారాక ఆరు నిమ్మకాయల రసం, చెంచాడు నల్ల ఉప్పు, అర చెంచా వేయించిన జీలకర్ర పొడి కలపండి. వేడిగా ఉండగా నిమ్మ పిండితే చేదెక్కుతుంది. 40 మి.లీ. గ్లాసులో పోసి 200 మి.లీ. సోడా కొట్టండి. పన్నెండు గ్లాసుల దాకా వస్తుంది. సోడా సీసాలు కూడా సొంతంగా కొనుక్కోండి, పదకొండింటికి మిక్సింగ్‌కి అన్నీ అయిపోతాయి. సీసా మీద మార్కర్‌తో ‘అల్లం నిమ్మ’ అని పెద్దగా రాయండి. చీకట్లో పేరులేని సీసాలన్నీ ఒకటే, ఎవడో దాంట్లో వోడ్కా ఒంపేస్తాడు. ఐసు డబ్బాలో పెట్టండి, ఎండలో వదిలేస్తే మర్నాటికి అదే పులుస్తుంది.

పనీ చేతికి తీసుకోండి: బార్బెక్యూ దగ్గర నిలబడడం, అంత్యాక్షరి నడపడం, కారమ్స్. చేతిలో పట్టకారు ఉన్నవాడి చేతిలో ఎవడూ పెగ్గు పెట్టడు. పన్నెండున్నరకి తలుపేసుకుని పడుకోవడానికి వీలుగా, తాగని ఇంకొకరితో గది పంచుకుంటామని ముందే అడగండి.

ఆఫీసు వైపు నుంచి

‘సిట్టింగ్‌లోనే అన్నీ తేలిపోతాయి, నేను వెనకబడతానేమో’ అన్న భయం ఉట్టిదేం కాదు. ప్రాజెక్టు కబుర్లు, అప్రైజల్ లీకులు అక్కడే బయటపడతాయి. కానీ అవి మొదటి గంటన్నరలోనే వస్తాయి, మీరు అప్పటిదాకా ఉంటారు. పైగా తెల్లారి అవి గుర్తున్న మనిషి మీరొక్కరే.

మందు లేని కూడికలు మీరే పెట్టండి, హైదరాబాదులో వాటికి కొదవా? రంజాన్ నెలలో టీమంతా హలీమ్‌కి వెళ్దామంటే కాదనేవాడుండడు, అక్కడ మందు ఊసే రాదు. జనవరి ఒకటిన మొదలయ్యే నుమాయిష్ ఎగ్జిబిషన్, శుక్రవారం రాత్రి బాక్స్ క్రికెట్, ఆదివారం తెల్లవారుజామున నాలుగింటి బిర్యానీ, రోజూ నాలుగున్నరకి ఇరానీ చాయ్. గాంధీ జయంతి ఎలాగూ డ్రై డే. మూడు నెలలకి ఒకటి మీ చేతి మీదుగా జరిగితే ‘వాడు కలవడు’ అన్న మాట పుట్టదు.

జారితే

ఒక రాత్రి తాగేశారనుకోండి. ఆ రాత్రే ‘ఎలాగూ పోయింది కదా’ అని రెండోది, మూడోది లాగించడమే అసలు నష్టం. గ్లాసు అక్కడే వదిలి, రెండు గ్లాసుల నీళ్లు తాగి, క్యాబ్‌లో ఇంటికి. సోమవారం ‘చూశాం లే, తాగావుగా’ అంటారు. నవ్వి, “ఆరోజు తాగా, మామూలుగా తాగను” అనండి. తర్వాతి పార్టీకి పది నిమిషాలు ముందే వెళ్లి సాల్ట్ లైమ్ సోడా చెప్పండి. ఏ దఫాలో మెత్తబడ్డారో గుర్తు తెచ్చుకోండి: ఆకలి మీదా, 1+1 గ్లాసు దగ్గరా, లాస్ట్ పెగ్ ఒట్టుకా? ఆకలైతే ఆరింటి పెరుగన్నం, ఒట్టైతే బిర్యానీ అయిన పావుగంటకి లేవడం. వరసగా మూడు పార్టీల్లో అదే చోట జారితే, ఆ టేబుల్‌కి కొన్ని నెలలు వెళ్లకుండా పగటి పూట లంచ్‌లకే పరిమితం కండి. ఒక్కరే ఉన్నప్పుడు కూడా తాగాలనిపిస్తుంటే 14446కి ఫోన్ చేయండి.